ట్యూరింగ్ పరీక్ష పాసైందన్న చాట్ యాప్‌తో నెల రోజులు

"మా బాట్ ట్యూరింగ్ పరీక్ష పాసైంది" అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపిస్తే టెంప్ట్ అయి డబ్బు కట్టాను. యాప్ పేరు చెప్పను. ఉత్తరాలు దిద్దడం, పెద్ద వ్యాసాన్ని కుదించి పెట్టడం బాగానే చేస్తుంది, తెలుగు కూడా ఫర్వాలేదు. నా పేచీ అంతా ఆ "పాసైంది" దగ్గరే. ట్యూరింగ్ పరీక్ష అంటే, రాతలో మాట్లాడి అవతల ఉన్నది మనిషో యంత్రమో జడ్జి తేల్చుకోలేకపోతే యంత్రం పాసైనట్టు.

1950లో కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ ఈ పరీక్షను ప్రతిపాదిస్తూ రాసిన వ్యాసంలోనే ఒక చిన్న సంభాషణ ఉంది. 34957కి 70764 కలపమంటే అవతలి నుంచి అర నిమిషం ఆగి 105621 అని జవాబొస్తుంది. కూడి చూడండి, సరిగ్గా వంద తక్కువ! అదే లెక్క ఈ యాప్‌కి ఇస్తే నేను వేలు తీసేలోపు 105721 అని సరిగ్గా చెప్పేసింది, అంటే మనిషి అనిపించుకోవాలంటే ఇది నసగాలి, తప్పు చెయ్యాలి, తెలివి దాచుకోవాలి. తెలివిని కొలిచే పద్ధతా ఇది? 2014లో లండన్‌లో యూజీన్ గూస్ట్‌మన్ అనే బాట్ మూడో వంతు జడ్జీలను నమ్మించింది, ఎలాగంటే పదమూడేళ్ల ఉక్రెయిన్ కుర్రాణ్నని చెప్పుకుని. పిల్లాడు కదా, వేరే భాషవాడు కదా అని వాళ్లే సర్దుకుపోయారు. అక్కడ పరీక్ష ఎవరికి జరిగినట్టు?

అందుకని నేను వినోగ్రాడ్ తరహా ప్రశ్న వేశాను, అంటే వాక్యంలో ఏ మాట దేని గురించో లోకజ్ఞానంతోనే తేల్చుకోవాల్సిన ప్రశ్న. "బిందెలోంచి చెంబులోకి నీళ్లు పోశాను, నిండిపోయింది." ఏది నిండింది? తెలుగులో "అది" అని కూడా అనక్కర్లేదు కాబట్టి ఇంకాస్త కష్టం. చెంబు అంది. "ఖాళీ అయిపోయింది" అని మార్చాను, బిందె అంది. శభాష్ అనుకున్నా. ఊరికే ఉండలేక "కాదు, నిండింది బిందే" అన్నాను. వెంటనే "క్షమించండి, మీరు చెప్పిందే నిజం" అని, బిందె ఎందుకు నిండిందో మూడు వాక్యాల్లో వివరించింది కూడా! అక్కడ నాకు విసుగొచ్చింది. ట్యూరింగ్ ఊహించింది అయిదు నిమిషాల సంభాషణ. ఎదురు చెప్పకుండా అయిదు నిమిషాలే మాట్లాడి ఉంటే ఈ గుణం నాకూ బయటపడేది కాదు.

తత్వవేత్త జాన్ సెర్ల్ 1980లో చెప్పిన చైనీస్ గది గుర్తొచ్చింది. గదిలో మనిషికి చైనీస్ రాదు, నియమాల పుస్తకం చూసి చిహ్నాలు అందిస్తుంటాడు, బయటివాళ్లేమో వచ్చనుకుంటారు. మనిషికి రాకపోయినా పుస్తకంతో సహా గది మొత్తానికి వచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు, నాకు ఆ వాదన మరీ కొట్టిపారేసేదిగా అనిపించదు. కానీ లోపల అర్థమవుతోందా లేదా అనేది నాకు అనవసరం, చెప్పిన మాట మీద నిలబడుతుందా అనేదే కావాలి.

అయిదుకి మూడు నక్షత్రాలు. రెన్యూ చెయ్యడం లేదని దానికే చెప్పాను, "చాలా మంచి నిర్ణయం" అంది.