మోటారు మార్చకుండానే దొరికిన లోపం: ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపు

మా లారీ క్యాబిన్‌లో గాలి కొట్టే ఫ్యాను, అంటే బ్లోయర్, వేసవి మొదట్లోనే నీరసించింది. ఏ స్పీడులో పెట్టినా గాలి అంతంతమాత్రమే, అరగంట నడిచాక అదీ ఆగిపోయేది. మొదట చూపించిన చోట మోటారు మార్చారు, పది రోజులకు మళ్లీ అదే పరిస్థితి. రెండో చోట 15 ఆంపియర్ల ఫ్యూజు తీసి 30 ఆంపియర్లది వేసి పంపారు. అది చాలా ప్రమాదకరమైన పని. ఫ్యూజు ఉన్నది ప్రధానంగా వైరును కాపాడడానికి కాబట్టి, పెద్దది వేస్తే తేడా వచ్చినప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది.

చివరికి విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపుకు తీసుకెళ్లాము. అక్కడి మేస్త్రి స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే మా డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, “అన్ని స్పీడుల్లోనూ ఇంతేనా బాబాయ్, పెద్ద స్పీడులో బాగా తిరుగుతుందా?” అని అడిగారు. పెద్ద స్పీడు ఒక్కటే పనిచేసి మిగతావి పనిచేయకపోతే అనుమానం ముందు చిన్న స్పీడుల కోసం కరెంటును తగ్గించే రెసిస్టర్ మీదికి పోతుందని, అన్నింటిలోనూ నీరసమే అయితే అన్ని స్పీడులకూ ఉమ్మడిగా ఉన్న దారిని చూడాలని ఆయన వివరించారు.

తరువాత చేసిన పరీక్ష వల్లనే ఈ సమీక్ష రాస్తున్నాను. మోటారు కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే కరెంటు పారదు కనుక, దారిలో ఎక్కడ అవరోధం ఉన్నా పూర్తి వోల్టేజీయే కనిపిస్తుంది. మొదటి షాపువారు అక్కడే పొరబడ్డారని నా నమ్మకం. ఈయన ఇంజిన్ స్టార్ట్ చేయించి, బ్లోయర్‌ను పెద్ద స్పీడులో తిప్పుతూ కొలిచారు. బ్యాటరీల దగ్గర 27.6 వోల్టులు, మోటారు దగ్గర 23.6 మాత్రమే. దారిలో పోయిన నాలుగు వోల్టుల్లో పాజిటివ్ వైపు 0.4, ఎర్త్ వైపు, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో, 3.6 వోల్టులు. వైరు చుట్టూ పట్టించి కొలిచే క్లాంప్ మీటరులో కరెంటు పది ఆంపియర్లు, అంటే ఎర్త్ దారిలో దాదాపు 36 వాట్లు వృథాగా వేడి అవుతున్నాయి. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను డ్యాష్‌బోర్డు వెనుక వదిలేసినట్టే.

ప్యానెల్ విప్పగా ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు, పక్కన కనెక్టర్‌లో గోధుమరంగుకు తిరిగిన పిన్ను కనిపించాయి. బోల్టు చోటు మెరిసేదాకా గీకి, పిన్నును కొత్త వైరుముక్కతో సహా మార్చి, 15 ఆంపియర్ల ఫ్యూజు తిరిగి పెట్టి, మళ్లీ కొలిచి చూపించారు. ఎర్త్ వైపు 0.2 వోల్టులకు దిగింది. మొత్తం ఖర్చు మేము అనవసరంగా కొన్న మోటారు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

లోటు లేకపోలేదు. పూటంతా వరుసలో వేచి ఉండాల్సి వచ్చింది. బిల్లులో “వైరింగ్ పని” అని ఒక్క ముక్కే రాశారు, రీడింగులు నేనే కాగితం మీద రాసుకున్నాను. ఏసీ గ్యాస్ పని వారు చేయరు.

స్థూల బరువు 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాలను 2025 అక్టోబరు 1 నుంచి ఏసీ క్యాబిన్‌తోనే తయారుచేయాలన్న నిబంధన వచ్చింది కనుక, ఇలా కొలిచి చూసే చేతుల అవసరం ఇంకా పెరుగుతుంది. చలికాలపు తెల్లవారుజామున అద్దం మీద ఆవిరి తొలగాలన్నా ఆధారం ఈ బ్లోయరే. అక్కడికి వెళ్లేవారు బండి నడిపే డ్రైవర్‌ను తప్పక వెంట తీసుకెళ్లండి. మేస్త్రి అడిగే ప్రశ్నలకు జవాబులు డ్రైవర్ దగ్గరే ఉంటాయి.