బ్రూనైలో శుక్రవారం మధ్యాహ్నం దిగకండి

సింగపూర్‌లో మా బావమరిది ఇంట్లో వారం రోజులున్నాం. రెండు గంటల విమానమే కదా అని అక్కణ్ణించి మూడు రాత్రులకి బ్రూనై వెళ్లాం. రెండు దేశాల డాలరూ ఒకే విలువ. 1967 నుంచి ఒప్పందం ఉంది, ఇక్కడి నోటు అక్కడ చెల్లుతుంది. అందుకే డబ్బు మార్చుకునే టెన్షన్ కూడా పెట్టుకోలేదు. బతుకు మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు.

రాజధాని బందర్ సెరీ బెగవాన్‌లో గెస్ట్ హౌస్ చేరేసరికి శుక్రవారం పన్నెండున్నర. గేటుకి తాళం! అక్కడ శుక్రవారం పన్నెండు నుంచి రెండు దాకా నమాజు కోసం షాపులు, హోటళ్లు అన్నీ మూసేయాలని రూలు. ఆ సంగతి బుకింగ్ తీసుకున్న మనిషి ఒక్క మెసేజ్‌లో చెప్పొచ్చుగా! ఎండలో సూట్‌కేసుల మీద కూర్చున్నాం. మా ఆవిడ నాతో మాట్లాడ్డం అప్పుడే మానేసింది.

గది రోజుకి 45 డాలర్లు, దాదాపు మూడు వేల రూపాయలు. ‘సెంటర్‌కి నడిచి వెళ్లొచ్చు’ అని రాశారు. వెళ్లొచ్చు, నలభై నిమిషాలు, ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద. బస్సు టికెట్ డాలరే, కానీ సాయంత్రమయ్యాక బస్సు కనిపిస్తే ఒట్టు. సింగపూర్‌లోలా ట్యాక్సీ పిలిచే గ్రాబ్ యాప్ లేదు, డార్ట్ అని వాళ్ల యాప్ ఉంది. అది దిగకముందే ఫోన్లో వేసుకోండి.

రెండు దాటాక ఒక చిన్న కొట్లో నాసి కటోక్ దొరికింది. అన్నం, వేయించిన కోడిముక్క, సంబల్ అనే కారం పచ్చడి. అంతా కలిపి ఒక్క డాలరు! సింగపూర్ హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే చోట, ఐదారు డాలర్లు పెట్టి తిన్న ఏ భోజనమూ నాకు అంత రుచిగా అనిపించలేదు, ఆకలి వల్ల కావచ్చు. మా ఆవిడ శుక్రవారం నీచు ముట్టదు. సంబల్‌లో ఎండుచేపలుంటాయని కొట్టామె సైగలతో చెప్పింది. చివరికి బ్యాగులోని మాగాయ సీసానే దిక్కయింది. ఒట్టి అన్నం కట్టించుకుని గదికి తెచ్చి కలుపుకుంది. అప్పుడు దుప్పటి మీద పడిన నూనె మరక గురించి తర్వాత చెప్తాను.

శనివారం కంపోంగ్ ఆయర్, అంటే నీళ్ల మీద కర్రల, కాంక్రీటు స్తంభాల మీద కట్టుకున్న ఊరు, చూశాం. దాటడానికి పడవకి మనిషికి డాలరు. స్కూళ్లు, మసీదు కూడా నీళ్ల మీదే. బాగుంది.

ఒక ఇండియన్ హోటల్లో తమిళ కుర్రాడు వడ్డించాడు. జీతం ఆరువందల డాలర్లు, తిండీ గదీ ఓనరువే. ఆదాయపు పన్ను అక్కడ ఎవరికీ లేదు. పౌరులకైతే డాక్టరు దగ్గరికి డాలరు, చదువు ఉచితం. “అది వాళ్లకి సార్, మాకు కాదు” అన్నాడు. లీటరు పెట్రోలు 53 సెంట్లు, అందుకే ఇంటింటికీ కార్లు. కారు లేనివాడికి మాత్రం ఆ ఊళ్లో కాళ్లు లేనట్టే.

సింగపూర్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. కారు కొనుక్కునే అనుమతి కాగితానికే లక్ష డాలర్లకి అటూ ఇటూ అవుతుంది, అదీ పదేళ్లకే. మా బావమరిదికి కారు లేదు, అక్కర్లేదు కూడా. వాళ్లుండే సెంకాంగ్‌లో లిఫ్టు దిగితే రైలు, టిఫిను, క్లినిక్కు. కానీ అద్దె నెలకి 2,800 డాలర్లు. ‘త్రీ రూమ్’ అంటే హాలుతో కలిపి లెక్కట, పడగ్గదులు రెండే. మేం హాల్లో పడుకున్నాం. “బావా, ఇక్కడ సంపాదించి ఇక్కడే ఇచ్చేస్తాం” అన్నాడు మొదటిరోజే. పిల్లల్తో ఉండేవాళ్లకి నేనైతే సింగపూరే అంటాను. రాత్రి పదింటికి కూడా ఆడపిల్ల ఒంటరిగా రైల్లో ఇంటికొస్తుంది, ఎవర్నీ బండి అడగక్కర్లేదు.

బయల్దేరే రోజు గెస్ట్ హౌస్ ఆయన దుప్పటి పైకెత్తి చూపించి, మరకకి ఇరవై డాలర్లు అన్నాడు. మూడు రాత్రులూ గదిలో కారిన ఏసీ నీళ్లు బకెట్లో పట్టుకున్నది మేమే. ఆ మాటంటే నవ్వాడు. వాదించి పదికి దించాను. విమానం ఎక్కాక మా ఆవిడ నోరు విప్పి మొదట అన్నది, “పది నాసి కటోక్‌లు పోయాయి” అని.