ట్యాప్ కుండ బాగుందండి, కానీ చేసినోళ్ళ పేరేదీ?

రావులపాలెం నుంచి కొత్తపేట వెళ్ళే రోడ్డులో ఉన్న మట్టి సామాన్ల షాపు గురించండి. ట్యాప్ కుండ సూపరు, ఒండ్రుమట్టి బాగా కాలింది, వేలితో కొడితే ఖంగుమంటోంది, మధ్యాహ్నం ఎండలో కూడా నీళ్ళు చల్లగా ఉంటున్నాయి. ట్యాప్ దగ్గర మాత్రం కారుద్ది, వాషర్ మనమే వేసుకోవాలి. దాంతోపాటు రంగుల పూలకుండీ ఒకటి తీసుకున్నా, దానిమీద చేపల బొమ్మ ఎంత నీటుగా ఉందో, ఎవరేశారండీ అనడిగితే ఓనరు గారు "కుండ చేసేవాళ్ళు వేరు, రంగులేసే ఆవిడ వేరు, పేర్లెందుకండీ ఇప్పుడు" అనేశారు.

అక్కడే నాకు మండింది. నాకు గ్రీకు కుండల పిచ్చి లెండి. ఏథెన్స్‌లో కెరమైకోస్ అని కుమ్మరిపేట ఉండేది, అక్కడ అందరూ కాదుగానీ కొందరు 2500 ఏళ్ళ కిందటే ఫలానావాడు చేశాడు, ఫలానావాడు బొమ్మేశాడు అని కుండమీదే రాసేవాళ్ళు, ఎవరు ఎవరితో కలిసి పనిచేశారో ఇవాళ మనకి తెలుస్తోందంటే చాలావరకు ఆ సంతకాల వల్లే. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్న ఫ్రాంస్వా వాజ్ అనే గ్రీకు కుండ క్రీ.పూ. 570 నాటిది, దానిమీద కుమ్మరి ఎర్గోటిమోస్ పేరూ ఉంది, బొమ్మలేసిన క్లీటియాస్ పేరూ ఉంది. త్లేసన్ అనే కుమ్మరైతే నియర్కోస్ కొడుకునని నాన్న పేరు కూడా కలిపి రాసుకున్నాడు, ఆ నాన్నదీ అదే పని. యూఫ్రోనియోస్ ముందు బొమ్మలేసేవాడు, తర్వాత తనే కుండలు చేయడం మొదలెట్టాడు, అప్పుడు ఆయన చేసిన గిన్నెలమీద ఒనేసిమోస్ బొమ్మలేశాడు. ఇక యూథిమిడీస్ ఉన్నాడు చూశారూ, క్రీ.పూ. 510 ప్రాంతంలో తాగి గంతులేసే ముగ్గురి బొమ్మ వేసి పక్కనే "యూఫ్రోనియోస్ ఎప్పుడూ ఇలా వేయలేదు" అని రాశాడు, ఆయ్, అచ్చం మన గోదారోళ్ళ ఎటకారమే! అది అసూయో, దోస్తుల మధ్య జోకో పండితులే తేల్చుకోలేకపోతున్నారు, ఆ కుండ ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది.

ఇంకోటేంటంటే వాళ్ళ నలుపు రంగు కూడా పల్చగా కలిపిన బంకమట్టే, అది పూసి కుండతో పాటే కాల్చేవాళ్ళు, అంటే పచ్చికుండ ఆవంలోకి వెళ్ళేలోపే బొమ్మలేసేవాడి పని అయిపోవాలి, ఇద్దరికీ పొత్తు కుదరకపోతే అంతే సంగతులు. ఇక్కడేమో కాల్చేశాక ఎనామిల్ పెయింట్ వేశారు, కుండీ అంచు దగ్గర గోరు తగిలితే రేకుల్లా ఊడుతోంది.

కుండకి అయిదు స్టార్లు, కుండీకి రెండు. ఫోన్‌పే తీసుకుంటారు, గడ్డి పెట్టి బాగానే ప్యాక్ చేస్తారు, బేరం మాత్రం ఆడాల్సిందే.