డెర్బీ ఫైనల్: కోల్‌కతా వెళ్లాలా, టీవీలో చూడాలా?

డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో కోల్‌కతా చిరకాల ప్రత్యర్థులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడితే (ఒకే ఊరి జట్ల పోరునే డెర్బీ అంటారు) హైదరాబాద్ అభిమానికి ఇదే తర్జనభర్జన.

ఖర్చు: టీవీకి దాదాపు ఏమీ లేదు. వెళ్తే రైలు, బస, భోజనం కలిసి తడిసి మోపెడవుతుంది.

శ్రమ: సికింద్రాబాద్ నుంచి హౌరాకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. ఇంట్లో రిమోట్ నొక్కితే చాలు.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. ఫైనల్లో ఎవరన్నది సెమీస్ అయ్యాకే తేలుతుంది. అప్పటికి రైల్లో వెయిటింగ్ లిస్టే మిగులుతుంది, మ్యాచ్ టికెట్లూ దొరకడం కష్టం.

ఆట: 2023 ఫైనల్లో బగాన్ ఆటగాడు థాపాకు రెడ్ కార్డు పడి బయటికెళ్లాక, పది మందితోనే బగాన్ ఈస్ట్ బెంగాల్‌పై 1-0తో గెలిచింది. బగాన్ ఆటగాడు పెట్రాటోస్ మైదానం మధ్య నుంచి బంతిని తీసుకెళ్లి ఎడమ కాలితో కొట్టిన ఆ గోల్ టీవీలోనే బాగా అర్థమవుతుంది, రీప్లేలుంటాయి కాబట్టి. కానీ ఒకవైపు బగాన్ ఆకుపచ్చ-మెరూన్, మరోవైపు ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం గ్యాలరీల ఆ హోరు ఏ స్పీకర్లోనూ పట్టదు.

డెర్బీని ఒక్కసారీ నేరుగా చూడనివాళ్లు, సెలవు దొరికితే, అప్పు చేయకుండా వెళ్లగలిగితే తప్పకుండా వెళ్లండి. చంటిపిల్లలుంటే, లేదా ఆటలో ఎత్తుగడలే మీకు ముఖ్యమైతే టీవీయే మేలు.