సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింటా, హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింటా: ఎప్పుడు ఏది మేలు?

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మనం చెప్పిన చోట ఆపేదే బ్రేక్‌పాయింట్. ఏ లైన్ దగ్గర ఆగాలో తెలిస్తే సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింట్ చాలు. చెడిపోతున్న వేరియబుల్ ఏదో తెలిసి, చెడగొడుతున్నది ఎవరో తెలియనప్పుడే హార్డ్‌వేర్ కావాలి. సగం తగాదా ఇక్కడే తీరిపోతుంది. మిగతా సగం లూపుల్లోనూ, మైక్రోకంట్రోలర్ బోర్డుల మీదా వస్తుంది.

జీడీబీ అనే డీబగ్గర్‌లో (తప్పులు వెతికే సాధనంలో) మామూలు బ్రేక్ కమాండ్ పెట్టేది సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింటే. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ పీసీ ప్రాసెసర్ల కుటుంబం) మీద అది ఆ ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైట్‌ను దాచుకుని, దాని చోట హెక్సాలో సీసీ అనే బైట్ రాస్తుంది. ఇదే ఇంట్3. ప్రాసెసర్ అక్కడికి రాగానే ట్రాప్ పుడుతుంది, అంటే అదుపు డీబగ్గర్ చేతికి వస్తుంది, ప్రోగ్రామ్ ఆగుతుంది. ముందుకు పొమ్మన్నప్పుడు డీబగ్గర్ పాత బైట్‌ను తిరిగి పెట్టి, ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిపించి, మళ్లీ సీసీ రాస్తుంది. మెమరీలో ఒక బైట్ మార్చడమే కాబట్టి ఎన్నైనా పెట్టుకోవచ్చు.

చిక్కూ ఆ రాతతోనే. రోమ్ లాంటి చోట రాయడమే కుదరదు. బూట్‌లోడర్ (బోర్డు ఆన్ కాగానే నడిచే చిన్న ప్రోగ్రామ్) కోడ్‌ను ఫ్లాష్ నుంచి రామ్‌లోకి కాపీ చేసే బోర్డుల్లో, ముందే పెట్టిన బ్రేక్‌పాయింట్ మీద అసలు కోడ్ వచ్చి పడి దాన్ని తుడిచేస్తుంది. జాబితాలో మాత్రం అది ఉన్నట్టే కనిపిస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం ఆగదు. అక్కడ హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ పెట్టే హెచ్‌బ్రేక్ కమాండ్ వాడాలి.

హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ కోడ్‌ను ముట్టుకోదు. చిరునామాను ప్రాసెసర్‌లోని డీబగ్ రిజిస్టర్‌లో పెడుతుంది. ఎక్స్86లో ఇందుకు డీఆర్0 నుంచి డీఆర్3 దాకా నాలుగే ఉన్నాయి. ఆ నాలుగింటినీ లైన్ల దగ్గర ఆగడానికి ఖర్చు పెట్టడం దండగ, ఎందుకంటే వాటి అసలు బలం డేటాను కాపలా కాయడంలో ఉంది. ఏదో పాయింటర్ హద్దు దాటి రాస్తూ మీ కౌంటర్‌ను పాడుచేస్తోందనుకోండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, వాచ్ కమాండ్ పట్టేస్తుంది. రాసిన వెంటనే ప్రోగ్రామ్‌ను ఆపి, పాత విలువ, కొత్త విలువ రెండూ చూపిస్తుంది. ఆగేది రాత జరిగాక కాబట్టి, తెరమీద కనిపించే లైన్ తర్వాతిది కావచ్చు. దోషిని దానికి ముందు వెతకాలి.

వాచ్ పెట్టాక జీడీబీ ఏం జవాబిచ్చిందో తప్పక చదవండి. 'హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్ 2' అంటే సరే. ఉత్త 'వాచ్‌పాయింట్ 2' అంటే అది సాఫ్ట్‌వేర్ పద్ధతికి దిగిపోయింది. అంటే ప్రోగ్రామ్‌ను ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చొప్పున నడిపిస్తూ ప్రతిసారీ విలువ సరిచూస్తుంది. మామూలు కంటే వందల రెట్లు నెమ్మది. 64 బిట్ ఎక్స్86లో ఒక్కో రిజిస్టర్ గరిష్ఠంగా 8 బైట్లు కాస్తుంది, నాలుగూ కలిపితే 32. పెద్ద స్ట్రక్చర్ మొత్తానికి వాచ్ పెడితే ఇందుకే అది సాఫ్ట్‌వేర్ పద్ధతికి దిగిపోతుంది. చెడుతున్న ఒక్క ఫీల్డుకు పెట్టండి. లోకల్ వేరియబుల్ అయితే ఫంక్షన్ ముగియగానే వాచ్ కూడా పోతుంది. చిరునామానే కాపలా కాయాలంటే హైఫన్ ఎల్ ఆప్షన్ జోడించాలి. ఉన్న విలువనే మళ్లీ రాస్తే వాచ్ ప్రోగ్రామ్‌ను ఆపదు, దానికి ఏవాచ్ వాడాలి. అది చదివినా ఆగుతుంది కాబట్టి విసిగిస్తుంది.

ఇక లూపులు. ఐ విలువ 5000 అయినప్పుడే ఆగమని షరతు పెడితే, డీబగ్గర్ ప్రతి చుట్టులోనూ ప్రోగ్రామ్‌ను ఆపి షరతు చూసి వదులుతుంది. లక్ష చుట్లయితే దాదాపు లక్ష సార్లు ఆగినట్టే. హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్‌కు షరతు తగిలించినా ఈ ఖర్చు తగ్గదు, షరతు లెక్కించేది డీబగ్గరే కదా. (షరతులో రెండు సమాన గుర్తుల బదులు ఒకటే పడితే మీ వేరియబుల్ విలువే మారిపోతుంది, జాగ్రత్త.) మరీ వేడిగా తిరిగే లూప్ అయితే షరతును కోడ్‌లోనే ఇఫ్‌గా రాసి, లోపల ఇంట్3 పెట్టి కంపైల్ చేయడం మేలు. పూర్తి వేగంతో నడుస్తుంది.

ఎన్నో చుట్టులో క్రాష్ అవుతోందో తెలియకపోతే ఇగ్నోర్ కమాండ్ చక్కగా పనికొస్తుంది. బ్రేక్‌పాయింట్ 1ని 10 లక్షల సార్లు వదిలేయమని చెప్పి రన్ చేయండి. క్రాష్ అయ్యాక ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్ చూస్తే ఎన్నిసార్లు తగిలిందో ఉంటుంది. 4172 అని ఉంటే, ఈసారి 4171 వదిలేయమని మళ్లీ రన్ చేయండి, సరిగ్గా పాడయ్యే చుట్టు మొదట్లో ఆగుతుంది. ఇన్‌పుట్ ప్రతిసారీ ఒకేలా ఉంటేనే ఇది పనిచేస్తుంది. థ్రెడ్ల పోటీ వల్ల వచ్చే బగ్‌లకు పనికిరాదు.

బోర్డుల మీద పొదుపు మరీ ముఖ్యం. ఆర్మ్ వారి కోర్టెక్స్ ఎం3, ఎం4 కోర్లున్న మైక్రోకంట్రోలర్ చిప్‌లలో కోడ్ కోసం మామూలుగా ఆరు కంపేరేటర్లు (ఒక్కోటి ఒక్కో హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ చిరునామాను పోల్చి చూసేవి), ఎం0లో ఎక్కువలో ఎక్కువ నాలుగు. కోడ్ ఫ్లాష్‌లో ఉంటుంది కాబట్టి ప్రతి బ్రేక్‌పాయింట్ ఒకదాన్ని తినేస్తుంది. నెక్స్ట్, ఫినిష్ కమాండ్లు కూడా లోలోపల తాత్కాలికంగా ఒకటి పెట్టుకుంటాయి. అన్నీ నింపేస్తే స్టెప్ చేయబోయినప్పుడు బ్రేక్‌పాయింట్ పెట్టలేకపోయానని లోపం వస్తుంది. కనీసం ఒకటి ఖాళీగా ఉంచండి. కొన్ని డీబగ్ ప్రోబులు (కంప్యూటర్‌ను బోర్డుకు కలిపే పరికరాలు) ఫ్లాష్‌నే తిరగరాసి లెక్కలేనన్ని ఇస్తాయి గానీ, ప్రతిసారీ ఆ రాతకు సమయం పడుతుంది, ఫ్లాష్ కూడా అరుగుతుంది.

ఈ చిప్‌లలో డేటా వాచ్ చూసేది కోర్ చేసే రాతల్నే. కోర్ ప్రమేయం లేకుండా డేటాను బదిలీ చేసే డీఎంఏ నేరుగా మెమరీలో రాస్తే దానికి తెలియదు. వాచ్ పెట్టినా ఆగకుండా విలువ మారిపోతోందంటే ముందు డీఎంఏను అనుమానించండి. బదిలీ ముగిసే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో మామూలు బ్రేక్‌పాయింట్ పెట్టి, బఫర్ మొదలు ఎక్కడ, పొడవు ఎంత అని సరిచూడండి.