ఇసుక పళ్ళెమా, కాపీ పుస్తకమా?

మా పాప ఇక్కడ విశాఖ ఎంవీపీ కాలనీలో ఎల్‌కేజీ చదువుతోంది. వాళ్ళ టీచర్ గారు పొద్దున ఇసుక పళ్ళెంలో అక్షరాలు దిద్దిస్తారు, మధ్యాహ్నం కాపీ పుస్తకంలో రాయిస్తారు.

ఇసుకలో తప్పు పోతే చేత్తో చెరిపేయొచ్చు, అందుకే పిల్లకి భయం లేదు. అసలు అక్షరాభ్యాసం నాడు బియ్యంలో రాయించింది ఇలాగే కదా! 1939లో మద్రాసు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లల వేలితో తడిమించేవారు. మన అక్షరాలన్నీ మెలికలే. ప, వ, మ పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా ఉంటాయి, తేడా వేలికి ముందు తెలుస్తుంది. ఇంట్లో కూడా చేద్దామని ఆర్కే బీచ్ ఇసుక తెచ్చాను. ఉప్పుకి చెమ్మగిల్లి ముద్దయింది. బొంబాయి రవ్వ నయం, కాకపోతే చీమలు.

కాపీ పుస్తకం వల్ల పెన్సిల్ పట్టు, గీత మీద రాయడం, అక్షరాల సైజు వస్తాయి. ఇసుక ఇవి నేర్పదు. కానీ నాలుగేళ్ళ పిల్లల మణికట్టులో కొన్ని ఎముకలు ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. పేజీలకి పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి, ఏడుపు, మనకి టెన్షన్.

నన్నడిగితే ఎల్‌కేజీకి ఇసుకే ఎక్కువ ఉండాలి, కాపీ అర పేజీ చాలు. యూకేజీలో మెల్లగా పెంచొచ్చు. మా అత్తగారు మాత్రం రోజూ పుస్తకం తెరిచి, "ఇవాళ ఇంతేనా రాసింది?" అంటారు.