ఐబీఎం ఐ, జెడ్/ఓఎస్: లోడ్ పెరిగితే ఏది ముందు ఎక్కడ ఆగుతుంది

ఐబీఎం ఐ అంటే పవర్ సర్వర్ల (మిడ్‌రేంజ్) మీద, జెడ్/ఓఎస్ అంటే మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. లెడ్జర్ల పని ఏళ్ల తరబడి రెండిటి మీదా నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. పవర్ ఈ1080 సర్వర్లో 240 కోర్ల దాకా, జెడ్16 మెయిన్‌ఫ్రేమ్‌లో 200 దాకా వేసుకోవచ్చు. ఈ లెక్క చూసి మిడ్‌రేంజే పెద్దదనుకుంటే బోల్తా పడతారు.

ఐబీఎం ఐలో కోర్లు పెంచడం తేలికే, కానీ రాత్రి బ్యాచ్ (మూకుమ్మడిగా నడిచే లెక్కల పని) ఒక్క నిమిషం కూడా తగ్గకపోవచ్చు. పాత ఆర్‌పీజీ (ఐబీఎం ఐలో వాడే ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాం ఒకే త్రెడ్‌లో, అంటే ఒకసారికి ఒకే కోర్ మీద నడుస్తుంది. 8 డెడికేటెడ్ కోర్ల పార్టిషన్‌లో (యంత్రంలో విడిగా కేటాయించిన భాగం) ఆ జాబ్ సీపీయూ 12.5 శాతం దగ్గరే ఆగిందంటే కొత్త కోర్లు దండగ. ఖాతా నంబర్ల వరుసల్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు జాబ్‌లుగా సబ్మిట్ చేయాలి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: జాబ్‌లు నడిచే సబ్‌సిస్టంకి జాబ్ క్యూ కలిపేటప్పుడు మ్యాక్స్ యాక్టివ్ (ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్య) డిఫాల్ట్ 1. దాన్ని 4 చేయకపోతే నాలుగూ ఒకదాని వెనక ఒకటే నడుస్తాయి.

ఆ తర్వాతి అడ్డు ఇండెక్స్. పాతకాలం ఫైళ్ల యాక్సెస్ పాత్ (ఇండెక్స్‌కి ఐబీఎం ఐ పేరు) సైజు ఇంకా 4 జీబీ రకంగానే ఉంటుంది. రాసే ప్రతి జాబూ మొత్తం ఇండెక్స్‌ని పట్టుకుంటుంది. సీహెచ్‌జీపీఎఫ్ (ఫైల్ లక్షణాలు మార్చే కమాండ్)తో 1 టీబీ రకానికి మారిస్తే పట్టు పేజీ స్థాయికి దిగుతుంది. మార్చగానే ఇండెక్స్ మళ్లీ కట్టుకుంటుంది కాబట్టి ఆదివారం పెట్టుకోండి. ముక్కలుగా విడగొట్టని (పార్టిషన్ చేయని) ఫైల్లో వరుసలు 4,294,967,288 దాటవు; లావాదేవీల చరిత్ర ఉంచేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

మెయిన్‌ఫ్రేమ్ అసలు సత్తా పక్కకి పెరగడంలో ఉంది. ప్యారలల్ సిస్‌ప్లెక్స్ అనే జెడ్/ఓఎస్ సిస్టమ్‌ల గుంపులో 32 సిస్టమ్‌ల దాకా ఒకే డీబీ2 డేటాబేస్ డేటాని పంచుకుంటాయి. ఒకదాన్ని ఐపీఎల్ (రీస్టార్ట్) చేస్తుంటే మిగతావి పని లాగిస్తాయి. ఐబీఎం ఐలో ఇన్ని యంత్రాలు ఒకే డేటాని పంచుకునే ఏర్పాటు లేదు. అక్కడ రెండో యంత్రం అంటే సాధారణంగా రెప్లికా (డేటా నకలు).

ఊరికే రాదు మరి. సిస్టమ్‌లన్నీ పంచుకునే కప్లింగ్ ఫెసిలిటీలో లాక్‌లు నమోదయ్యే లాక్ స్ట్రక్చర్ చిన్నదైతే, వేర్వేరు పేజీలు ఒకే హ్యాష్ గడిలో పడి లేని పోటీ పుడుతుంది. ఆ ఫాల్స్ కంటెన్షన్ 3 శాతం దాటితే ఆ స్ట్రక్చర్‌లోని లాక్ టేబుల్‌ని రెట్టింపు చేయండి. పేజీ పోటీ తగ్గుతుందని అన్నిటికీ రో లాకింగ్ (వరుస స్థాయి లాక్) పెట్టడం మాత్రం వద్దు. సిస్టమ్‌ల మధ్య పేజీ పీ-లాక్‌లు (పేజీని మొత్తంగా పట్టే లాక్‌లు) పెరిగి ఇంకా నెమ్మదిస్తుంది.

ఇక బిల్లు. టైలర్డ్ ఫిట్ (ఐబీఎం కొత్త ధరల పద్ధతి)కి మారని పాత సబ్-కెపాసిటీ (వాడకాన్ని బట్టి ధర) మెయిన్‌ఫ్రేమ్ ఒప్పందంలో, 2వ తేదీ నుంచి వచ్చే నెల 1వ తేదీ దాకా సీపీయూ వాడకపు నాలుగు గంటల సగటులో ఎక్కడ శిఖరం వస్తే అదే లెక్క. తెల్లవారుజామున ముగియాల్సిన బ్యాచ్ ఉదయం 9 దాకా సాగి ఆన్‌లైన్‌తో కలిసిన ఒక్క రోజు చాలు, నెలంతా ఆ ధరే కట్టాలి.